వంతు, వాటా, నిరీక్షణ: నిస్తంత్రీ జాలాలలో జాప్యం – ప్రసారరాశుల సమతౌల్యం

వ్యాససంగ్రహం

ఒకే సెల్ టవర్ పరిధిలోని వినియోగదారులందరూ పరిమితమైన స్పెక్ట్రాన్ని పంచుకోవాలి. ఏ క్షణంలో ఎవరికి ప్రసారావకాశం ఇవ్వాలన్న నిర్ణయాన్ని షెడ్యూలింగ్ అంటారు. మొత్తం సమాచారాన్ని అత్యధికంగా చేరవేయడం ఒక లక్ష్యం, ఎవరినీ ఎక్కువసేపు నిరీక్షింపజేయకపోవడం మరొక లక్ష్యం. ఈ రెండూ కొంతమేరకు కలిసి నడుస్తాయి, ఆ తరువాత విడిపోతాయి. అవి ఎక్కడ, ఎందుకు విడిపోతాయో, ఆ చోట సమతౌల్యం సాధించడానికి వచ్చిన ప్రధాన పద్ధతులేమిటో సంఖ్యాసహిత ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నిస్తంత్రీ జాలం, షెడ్యూలింగ్, వంతు, ప్రసారరాశి, జాప్యం, అనుపాత న్యాయం, వరుస సిద్ధాంతం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘వంతు’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ‘ఆస్తిలో నా వంతు’ అన్నప్పుడు అది వాటా. ‘ఇప్పుడు నా వంతు’ అన్నప్పుడు అది వరుసలో వచ్చే అవకాశం. మొదటి అర్థంలో ‘ఎంత’ అన్న ప్రశ్న ఉంది, రెండవ అర్థంలో ‘ఎప్పుడు’ అన్న ప్రశ్న ఉంది. నిస్తంత్రీ జాలాలలో వినియోగదారుల షెడ్యూలింగ్‌కు సంబంధించిన చర్చ అంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. ఎంత సమాచారం చేరిందన్నది ప్రసారరాశి. ఎప్పుడు చేరిందన్నది జాప్యం.

నీటి ఎద్దడి ఏర్పడిన సంవత్సరాలలో డెల్టా కాలువల కింద వంతులవారీగా నీరు వదలడం తెలుగు రైతాంగానికి తెలిసిన విషయమే. కాలువ తలాపున ఉన్న పొలానికీ, శివారు ఆయకట్టుకూ మధ్య తేడా కూడా తెలిసిందే. తలాపు పొలానికి విడిచిన నీటిలో అధికభాగం పంటకు చేరుతుంది. శివారుకు పంపిన నీటిలో కొంత దారిలోనే ఇంకిపోతుంది. మొత్తం దిగుబడి మాత్రమే చూసే అధికారి తలాపుకే నీరిస్తాడు. శివారు రైతు పంట ఎండుతుంది. సెల్ టవర్ దగ్గర ఉన్న ఫోన్‌కూ, దాని పరిధి అంచున ఉన్న ఫోన్‌కూ మధ్య తేడా ఇటువంటిదే.

అయితే ఈ పోలిక ఒక చోట ఆగిపోతుంది. కాలువలో నష్టం రోజురోజుకూ పెద్దగా మారదు. నిస్తంత్రీ మార్గం మాత్రం మిల్లీసెకన్ల వ్యవధిలో మారుతుంది. ఆ మార్పును గుర్తించి వాడుకోగలగడమే ఆధునిక షెడ్యూలింగ్‌కు బలం, జాప్యం పెరగడానికి కారణం కూడా.

2. పారిభాషిక పదాలు

ఈ వ్యాసంలో ‘ప్రసారరాశి’ అంటే నిర్ణీత కాలంలో గమ్యాన్ని విజయవంతంగా చేరిన సమాచార పరిమాణం. ఇంజనీరింగ్ తరగతులలో దీనిని త్రూపుట్ అంటారు. ‘జాప్యం’ అంటే ఒక ప్యాకెట్ టవర్‌లోని వరుసలో చేరిన క్షణం నుంచి ఫోన్‌కు అందే క్షణం వరకు పట్టిన సమయం. ‘వరుస’ అంటే తమ వంతు కోసం ఎదురుచూస్తున్న ప్యాకెట్ల సముదాయం. ప్రతి వినియోగదారుకూ టవర్‌లో ఒక వరుస ఉంటుందని భావించవచ్చు. ‘కాలఖండం’ అంటే ఒక షెడ్యూలింగ్ నిర్ణయం అమలులో ఉండే అతిచిన్న వ్యవధి. నాలుగో తరం జాలాలలో ఇది 1 మిల్లీసెకను.

సగటు జాప్యానికీ, గరిష్ఠ జాప్యానికీ తేడాను మొదటే గుర్తించాలి. ఫోన్ సంభాషణలో నూరు ప్యాకెట్లలో తొంభై ఐదు సకాలంలో వచ్చి, ఐదు ఆలస్యంగా వస్తే సగటు బాగానే కనిపిస్తుంది. కానీ వినేవారికి మాట తెగిపోతుంది. అందువల్ల షెడ్యూలింగ్‌లో ‘గడువు దాటే ప్యాకెట్ల శాతం’ అన్నది సగటుకన్నా ముఖ్యమైన కొలమానం.

3. నిస్తంత్రీ మార్గ స్వభావం

టవర్ నుంచి వెలువడిన తరంగం భవనాలు, చెట్లు, వాహనాలు మొదలైన వాటిని తాకి అనేక మార్గాలలో ఫోన్‌ను చేరుతుంది. ఈ తరంగాలు ఒకచోట పరస్పరం బలపరచుకుంటాయి, మరొకచోట పరస్పరం రద్దుచేసుకుంటాయి. 2 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో తరంగదైర్ఘ్యం 15 సెంటీమీటర్లు. ఫోన్ సుమారు అర్ధ తరంగదైర్ఘ్యం, అంటే 7.5 సెంటీమీటర్లు కదిలితే సంకేతబలం చెప్పుకోదగినంతగా మారవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బస్సులో ఈ దూరం దాటడానికి 4.5 మిల్లీసెకన్లు చాలు. గంటకు 3 కిలోమీటర్ల వేగంతో నడిచే వ్యక్తికి సుమారు 90 మిల్లీసెకన్లు పడుతుంది. ఈ రెండు సంఖ్యలు తరువాతి చర్చలో కీలకమవుతాయి.

ఈ హెచ్చుతగ్గులను తొలితరాల ఇంజనీర్లు ఒక లోపంగా చూశారు. వాటిని సమం చేయడమే లక్ష్యంగా పెట్టుకున్నారు. 1995లో నాప్, హంబ్లెట్ అనే పరిశోధకులు దీనికి భిన్నమైన ఫలితాన్ని చూపించారు. ఫోన్ల నుంచి టవర్‌కు జరిగే ప్రసారంలో, ప్రతి క్షణం ఎవరి మార్గం అత్యుత్తమంగా ఉందో వారికే అవకాశమిస్తే మొత్తం సామర్థ్యం గరిష్ఠమవుతుందని వారు నిరూపించారు. వినియోగదారులు ఎక్కువమంది ఉన్నకొద్దీ, ఏ క్షణంలోనైనా ఎవరో ఒకరి మార్గం శిఖరస్థితిలో ఉండే అవకాశం పెరుగుతుంది. దీనిని బహువినియోగదారు వైవిధ్యం అంటారు.

ఈ లాభాన్ని లెక్కించవచ్చు. అందరి మార్గాలూ ఒకే సగటుతో, స్వతంత్రంగా, రేలీ నమూనా ప్రకారం మారుతున్నాయనుకుంటే, పదిమందిలో అత్యుత్తముని సంకేతబలం సగటుకు సుమారు 2.93 రెట్లు ఉంటుంది. నూరుమందిలో అది సుమారు 5.19 రెట్లు. ఈ సంఖ్యలు 1, 1/2, 1/3 అంటూ సాగే శ్రేణి మొత్తం నుంచి వస్తాయి. జనం పదిరెట్లు పెరిగితే లాభం రెట్టింపు కూడా కాలేదు. కానీ ఒక్కొక్కరికి వంతు వచ్చే సగటు వ్యవధి మాత్రం పదిరెట్లు పెరిగింది. ప్రసారరాశికీ జాప్యానికీ మధ్య పేచీ ఇక్కడే బీజరూపంలో కనిపిస్తుంది.

4. మూడు పద్ధతులు, ఒక ఉదాహరణ

రెండు ఫోన్లున్నాయనుకుందాం. ‘అ’ టవర్‌కు దగ్గరలో ఉంది. మార్గం బాగున్న కాలఖండంలో 12 ప్యాకెట్లు, బాగులేనప్పుడు 4 ప్యాకెట్లు అందుకోగలదు. ‘ఆ’ పరిధి అంచున ఉంది. బాగున్నప్పుడు 3, బాగులేనప్పుడు 1 ప్యాకెట్ మాత్రమే అందుకోగలదు. రెండింటికీ మంచి, చెడు స్థితులు సమాన సంభావ్యతతో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయి. ఒక కాలఖండంలో ఒకరికే వంతు. రెండింటికీ పంపవలసిన సమాచారం ఎప్పుడూ ఉంటుందని ప్రస్తుతానికి భావిద్దాం.

మొదటిది గరిష్ఠవేగ పద్ధతి. ఎవరు ఎక్కువ ప్యాకెట్లు అందుకోగలరో వారికే వంతు. ‘అ’ అతి చెడు స్థితిలో అందుకునే 4 కూడా ‘ఆ’ అత్యుత్తమ స్థితిలో అందుకునే 3 కన్నా ఎక్కువ. కనుక అన్ని వంతులూ ‘అ’కే. సగటున ‘అ’కు 8, ‘ఆ’కు సున్న. మొత్తం 8.

రెండవది చక్రవరుస పద్ధతి. మార్గాన్ని చూడకుండా ఒకరి తరువాత ఒకరికి వంతు. ‘అ’కు సగటున 4, ‘ఆ’కు 1. మొత్తం 5. నిరీక్షణ ఎవరికీ ఒక కాలఖండం మించదు.

మూడవది అనుపాత న్యాయ పద్ధతి. ప్రతి ఫోన్‌కూ ఈ క్షణంలో సాధ్యమైన వేగాన్ని, ఇప్పటివరకు దానికి దక్కిన సగటు ప్రసారరాశితో భాగించి, ఏ భాగఫలం ఎక్కువో ఆ ఫోన్‌కు వంతు ఇస్తారు. అంటే ఎవరి మార్గం ఇతరులతో పోల్చితే బాగుందని కాక, తన సొంత స్థాయితో పోల్చితే బాగుందని చూస్తారు. పై ఉదాహరణలో ‘అ’ బాగుండి ‘ఆ’ బాగులేనప్పుడు ‘అ’కు, ఇందుకు విపర్యయంగా ఉన్నప్పుడు ‘ఆ’కు, రెండూ ఒకే స్థితిలో ఉన్నప్పుడు చెరిసగం వంతులు వస్తాయి. ‘అ’కు సగటున 5, ‘ఆ’కు 1.25. మొత్తం 6.25.

చక్రవరుసతో పోల్చితే రెండు ఫోన్లకూ 25 శాతం లాభం వచ్చింది. అదనపు స్పెక్ట్రం లేదు, అదనపు విద్యుత్తు లేదు. వంతుల సంఖ్య కూడా మారలేదు, ఇద్దరికీ సగం సగమే. వంతు వచ్చే సమయం మాత్రమే మారింది.

అనుపాత న్యాయం అన్న భావనను కేంబ్రిడ్జ్ గణితవేత్త ఫ్రాంక్ కెల్లీ 1997, 1998లలో ప్రచురించిన వ్యాసాలు జాలశాస్త్రంలో స్థిరపరచాయి. ఈ పంపకం నుంచి మరే ఇతర పంపకానికి మారినా, శాతాలలో లెక్కించిన లాభనష్టాల మొత్తం సున్న కన్నా ఎక్కువ కాదన్నది దాని నిర్వచనం. ఉదాహరణలో గరిష్ఠవేగ పద్ధతికి మారితే ‘అ’కు 60 శాతం లాభం, ‘ఆ’కు 100 శాతం నష్టం. నికరం 40 శాతం నష్టం. చక్రవరుసకు మారితే ఇద్దరికీ చెరి 20 శాతం నష్టం. నికరం మళ్ళీ 40 శాతమే. ఈ సూత్రాన్ని సెల్ జాలాలకు అన్వయించి, మూడో తరపు అధికవేగ డేటా వ్యవస్థకు షెడ్యూలర్‌గా రూపొందించడంలో డేవిడ్ త్సే పాత్ర ప్రధానమైనది. ఆ వ్యవస్థలో కాలఖండం 1.67 మిల్లీసెకన్లు.

అనుపాత న్యాయం అంటే సమాన ఫలితం కాదని గమనించాలి. ఇద్దరికీ సమాన కాలం దక్కింది, సమాన సమాచారం దక్కలేదు. మార్గాన్ని చూడకుండా ఇద్దరికీ ఒకే ప్రసారరాశి ఇవ్వాలంటే ‘ఆ’కు 80 శాతం కాలం కేటాయించాలి. అప్పుడు ఒక్కొక్కరికి 1.6, మొత్తం 3.2 మాత్రమే. సమానత్వానికి కూడా ఒక మూల్యం ఉందన్నమాట.

5. నిరీక్షణ ఎక్కడి నుంచి వస్తుంది

పై లెక్కలో కాలం అన్నది కనిపించలేదు. మంచి, చెడు స్థితులు ఎంతసేపు నిలుస్తాయన్న ప్రశ్న వేయగానే జాప్యం బయటపడుతుంది. ‘ఆ’ ఫోన్ నడుస్తున్న వ్యక్తి చేతిలో ఉందనుకుందాం. చెడు స్థితి సుమారు 90 మిల్లీసెకన్లు నిలిచింది. అంతసేపూ ‘అ’ మంచి స్థితిలోనే ఉంది. ఒక్కొక్క కాలఖండం 1 మిల్లీసెకను అయితే, 90 కాలఖండాలపాటు ‘ఆ’కు వంతు రాకపోవచ్చు. అదే వ్యక్తి బస్సులో ఉంటే చెడు స్థితి నాలుగైదు మిల్లీసెకన్లలో దాటిపోతుంది. వేగంగా కదిలేవారి కన్నా నెమ్మదిగా కదిలేవారికి నిరీక్షణ ఎక్కువ కావడం ఈ పద్ధతిలోని ఒక విశేషం. పూర్తిగా కదలని ఫోన్ ఒక గోడ చాటున చెడు స్థితిలోనే ఉండిపోతే, శిఖరం కోసం ఎదురుచూడడంలో అర్థమే లేదు. ఈ చిక్కుకు 2002లో విశ్వనాథ్, త్సే, లారోయా ఒక పరిష్కారం సూచించారు. టవర్‌లోని అనేక యాంటెనాల దశలను కావాలని మారుస్తూ పోతే కదలని ఫోన్‌కు కూడా మార్గం మారుతుంది. మార్గంలో హెచ్చుతగ్గులు లేనిచోట వాటిని కృత్రిమంగా సృష్టించడమే ఈ పద్ధతి.

అనుపాత న్యాయ షెడ్యూలర్‌లో జాప్యాన్ని అదుపుచేసే ఒక మీట ఉంది. ‘ఇప్పటివరకు దక్కిన సగటు’ను ఎంత గతం మీద లెక్కించాలన్నదే ఆ మీట. దానిని స్మృతికాలం అనవచ్చు. వంతు రాని ఫోన్ సగటు క్రమంగా తగ్గుతుంది, కనుక దాని భాగఫలం పెరుగుతుంది. పై ఉదాహరణలో ‘అ’ 12 వద్ద, ‘ఆ’ 1 వద్ద నిలిచిపోయాయనుకుంటే, స్మృతికాలం 1000 కాలఖండాలైతే ‘ఆ’కు వంతు రావడానికి సుమారు 600 కాలఖండాలు పడుతుంది. స్మృతికాలం 100 అయితే సుమారు 60 చాలు. మొదటి సందర్భంలో 90 మిల్లీసెకన్ల చెడు కాలమంతా నిరీక్షణే. రెండవ సందర్భంలో మార్గం బాగుపడకముందే వంతు వస్తుంది, ఆ వంతులో ఒక్క ప్యాకెట్ మాత్రమే వెళుతుంది. స్మృతికాలాన్ని కుదించినకొద్దీ షెడ్యూలర్ చక్రవరుసకు దగ్గరవుతుంది. పెంచినకొద్దీ 25 శాతం లాభానికి దగ్గరవుతుంది.

జాప్యానికి రెండవ మూలం వరుస. వరుసలో సగటున ఉన్న ప్యాకెట్ల సంఖ్య, అవి వచ్చే రేటును సగటు నిరీక్షణతో గుణించిన దానికి సమానమని 1961లో జాన్ లిటిల్ నిరూపించాడు. సెకనుకు 1000 ప్యాకెట్లు వచ్చే వరుసలో సగటున 200 ప్యాకెట్లు ఉంటే, ఒక్కొక్కటి సగటున 0.2 సెకన్లు వేచివుందని అర్థం. రాకలూ, సేవాకాలాలూ యాదృచ్ఛికమైన సరళతమ నమూనాలో, సామర్థ్యంలో 50 శాతం వాడినప్పుడు సగటు జాప్యం సేవాకాలానికి 2 రెట్లు. 80 శాతం వాడితే 5 రెట్లు, 90 శాతానికి 10 రెట్లు, 99 శాతానికి 100 రెట్లు. చివరి తొమ్మిది శాతం ప్రసారరాశిని పిండుకోవడానికి జాప్యం పదింతలు చెల్లించవలసివస్తుంది.

ఈ రెండు మూలాలను కలిపి చూస్తే ప్రసారరాశి, జాప్యం అన్నివేళలా శత్రువులు కావని తెలుస్తుంది. ‘ఆ’ ఫోన్‌కు కాలఖండానికి సగటున 0.9 ప్యాకెట్లు వస్తున్నాయనుకుందాం. చక్రవరుసలో దాని సామర్థ్యం 1, కనుక వినియోగం 90 శాతం. అనుపాత న్యాయంలో సామర్థ్యం 1.25, కనుక వినియోగం 72 శాతం. సరళ నమూనా ప్రకారం మొదటి దానిలో జాప్యం సేవాకాలానికి 10 రెట్లు, రెండవ దానిలో సుమారు 3.6 రెట్లు. అంటే మార్గం తొందరగా మారే పరిస్థితిలో ప్రసారరాశిని పెంచడమే జాప్యాన్ని తగ్గించే ఉపాయం. మార్గం నెమ్మదిగా మారేటప్పుడు మంచి క్షణం కోసం వేచివుండడమే జాప్యం అవుతుంది.

6. వరుసను చూసి వంతు ఇచ్చే పద్ధతులు

అనుపాత న్యాయ పద్ధతి వరుసల పొడవును చూడదు. ‘అ’కు కాలఖండానికి 3.8, ‘ఆ’కు 1.4 ప్యాకెట్లు వస్తున్నాయనుకుందాం. ‘ఆ’ మంచి స్థితిలో ఉన్న ప్రతిసారీ దానికే వంతు ఇచ్చి, మిగిలినవన్నీ ‘అ’కు ఇస్తే, ‘అ’కు 4, ‘ఆ’కు 1.5 వంతున అందుతాయి. ఇద్దరి అవసరమూ తీరుతుంది. కానీ వరుసలను చూడకుండా 5, 1.25 చొప్పున పంచితే, ‘అ’కు అక్కరలేని సామర్థ్యం దక్కి, ‘ఆ’ వరుస కాలఖండానికి 0.15 ప్యాకెట్ల వంతున పెరుగుతూ పోతుంది. నిమిషం గడిచేసరికి 9000 ప్యాకెట్లు పేరుకుంటాయి. ఖాళీ వరుసకు వంతు ఇవ్వకుండా జాగ్రత్తపడినా, తీర్చగలిగిన అవసరాలను కూడా ఈ పద్ధతి తీర్చలేని సందర్భాలున్నాయని 2004లో మాథ్యూ ఆండ్రూస్ నిరూపించాడు.

దీనికి సైద్ధాంతిక సమాధానం అంతకుముందే వచ్చింది. 1992లో తస్సియులాస్, ఎఫ్రెమిడీస్ ప్రతిపాదించిన గరిష్ఠభార పద్ధతిలో, ప్రతి వినియోగదారుకూ వరుస పొడవును ఆ క్షణపు వేగంతో గుణిస్తారు. ఎవరి గుణలబ్ధం ఎక్కువో వారికి వంతు. ‘అ’ వరుసలో 10, ‘ఆ’ వరుసలో 50 ప్యాకెట్లు ఉన్నాయనుకుందాం. వేగాలు 12, 3 అయితే గుణలబ్ధాలు 120, 150. వంతు ‘ఆ’ది. ‘ఆ’ వేగం 1కి పడిపోతే గుణలబ్ధం 50 మాత్రమే. అప్పుడు వంతు ‘అ’ది. అవసరమూ, అనుకూలతా రెండూ ఈ ఒక్క గుణకారంలో కలిశాయి. ఏ పద్ధతిలోనైనా తీర్చగలిగిన అవసరాలన్నిటినీ, రాకల రేటు ముందుగా తెలియకుండానే, ఈ పద్ధతి తీరుస్తుందన్నది వారి సిద్ధాంతం.

అయినా రెండు లోపాలున్నాయి. వరుసలు అనంతంగా పెరగవని మాత్రమే సిద్ధాంతం హామీ ఇస్తుంది, చిన్నవిగా ఉంటాయని కాదు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి. వరుస పొడవు ప్రాధాన్యాన్ని నిర్ణయిస్తే, ఎక్కువ పోగుచేసినవారికే ఎక్కువ అవకాశం వస్తుంది. సినిమా దిగుమతి చేసుకుంటున్నవారి వరుసలో వేల ప్యాకెట్లుంటాయి. బ్యాంకు పంపిన ఓటీపీ సందేశం ఒకటి రెండు ప్యాకెట్లు మాత్రమే. దాని వెనుక నుంచి తోసేవారు లేరు, కనుక దాని భారం పెరగదు. చిన్న సందేశం పెద్ద వరుస వెనుక చిక్కుకుపోతుంది. వినియోగదారులు వస్తూ పోతూ ఉండే వ్యవస్థలో గరిష్ఠభార పద్ధతి తన స్థిరత్వాన్నే కోల్పోవచ్చని 2009లో వాన్ డి వెన్, బోర్స్ట్, ష్నీర్ చూపించారు.

ఈ లోపానికి విరుగుడు వరుస పొడవుకు బదులు వరుస ముందున్న ప్యాకెట్ వయసును చూడడం. బెల్ ల్యాబ్స్ పరిశోధకులు ఆండ్రూస్, స్టోల్యార్ తదితరులు 2001లో ప్రచురించిన పద్ధతిలో మూడు అంశాలను గుణిస్తారు. మొదటిది ముందున్న ప్యాకెట్ ఎంతసేపటి నుంచి వేచివుందన్నది. రెండవది ప్రస్తుత వేగం సగటుకు ఎన్ని రెట్లన్నది. మూడవది సేవ ఎంత తొందరదన్నది. ఈ మూడవదాన్ని గడువు నుంచీ, గడువు దాటినా సహించగల ప్యాకెట్ల శాతం నుంచీ లెక్కిస్తారు. సంభాషణకు గడువు 100 మిల్లీసెకన్లు, సహనం 1 శాతం అయితే ఆ గుణకం 2ను 100తో భాగించగా వచ్చే 0.02. వీడియోకు గడువు 300 మిల్లీసెకన్లు, సహనం 10 శాతం అయితే 1ని 300తో భాగించగా సుమారు 0.0033. ఇక్కడ 2, 1 అన్నవి శాతాల లాగరిథమ్‌లు. మార్గాలు సమానంగా ఉన్నప్పుడు 20 మిల్లీసెకన్లు వేచిన మాటకు భారం 0.4, 90 మిల్లీసెకన్లు వేచిన వీడియోకు 0.3. వంతు మాటదే. వీడియో 150 మిల్లీసెకన్లు వేచివుంటే భారం 0.5 అవుతుంది. అప్పుడు మాట ఆగుతుంది. ఎవరికీ శాశ్వత ప్రాధాన్యం లేదు, ఎవరికీ శాశ్వత నిరీక్షణా లేదు.

షకొట్టాయ్, స్టోల్యార్ రూపొందించిన ఘాత నియమం ఇదే దారిలో మరొక అడుగు. అందరి నిరీక్షణలూ దగ్గరదగ్గరగా ఉన్నంతసేపు అది అనుపాత న్యాయంలా నడిచి ప్రసారరాశిని కాపాడుతుంది. ఒకరి నిరీక్షణ మిగిలినవారి కన్నా బాగా పెరిగినప్పుడు, మార్గం ఎలా ఉన్నా వారికి వంతు ఇస్తుంది.

7. సమతౌల్యానికి గణిత రూపం

ఎంత ప్రసారరాశికి ఎంత జాప్యం అన్న మారకపు రేటును కూడా సిద్ధాంతం చెప్పగలిగింది. మైఖేల్ నీలీ తదితరులు అభివృద్ధి చేసిన విశ్లేషణలో ఒక నియంత్రణ సంఖ్య ఉంటుంది. దానిని రెట్టింపు చేస్తే, సాధ్యమైన అత్యుత్తమ ఫలితానికీ వాస్తవ ఫలితానికీ మధ్య తేడాకు ఇచ్చే హామీ సగమవుతుంది. అదే సమయంలో వరుస పొడవుకు ఇచ్చే హామీ రెట్టింపవుతుంది. లిటిల్ సూత్రం ప్రకారం వరుస పొడవంటే జాప్యమే. కనుక పరిపూర్ణతకు దగ్గరయ్యే ప్రతి అడుగుకూ నిరీక్షణ రూపంలో మూల్యం చెల్లించాలి.

విద్యుత్తు విషయంలోనూ ఇటువంటి సంబంధమే ఉంది. నిర్ణీత సమాచారాన్ని పంపడానికి కావలసిన కనిష్ఠ విద్యుత్తుకు మించిన అదనపు ఖర్చు, అనుమతించిన సగటు జాప్యపు వర్గానికి విలోమంగా తగ్గగలదని 2002లో బెర్రీ, గాలగర్ చూపించారు. జాప్యాన్ని రెట్టింపు అనుమతిస్తే అదనపు ఖర్చు నాలుగోవంతుకు తగ్గగలదు. కొద్దిపాటి ఓపికకు మొదట్లో పెద్ద ప్రతిఫలం, తరువాత తరువాత స్వల్ప ప్రతిఫలం లభిస్తాయని దీని సారాంశం. అందువల్ల సమతౌల్యబిందువు రెండు కొసలలో దేనివద్దా ఉండదు.

8. నాలుగో, ఐదో తరాలలో ఆచరణ

నాలుగో తరం జాలాలలో టవర్ ప్రతి మిల్లీసెకనుకు ఒకసారి నిర్ణయం తీసుకుంటుంది. స్పెక్ట్రాన్ని 180 కిలోహెర్ట్జ్ ఖండాలుగా విభజిస్తారు. 20 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రంలో ఇటువంటివి 100 ఉంటాయి. కనుక ఒకే మిల్లీసెకనులో అనేకమందికి వంతు ఇవ్వవచ్చు. మార్గ స్థితిని ఫోన్ 0 నుంచి 15 వరకు ఒక సంఖ్యతో టవర్‌కు తెలియజేస్తుంది. ఈ సమాచారం చేరి, నిర్ణయం జరిగేలోగా మార్గం మారిపోవచ్చు. బస్సులోని ఫోన్ విషయంలో ఈ ప్రమాదం ఎక్కువ. అంటే వేగంగా కదిలేవారికి నిరీక్షణ తక్కువైనా, మంచి క్షణాన్ని పట్టుకోగల అవకాశమూ తక్కువే.

అంతర్జాతీయ ప్రమాణాలు సేవలను తరగతులుగా విభజించి ఒక్కొక్కదానికి జాప్యపు గడువు నిర్దేశించాయి. నాలుగో తరంలో సంభాషణకు 100 మిల్లీసెకన్లు, ముఖాముఖి వీడియోకు 150, తక్షణ క్రీడలకు 50, సాధారణ అంతర్జాల వినియోగానికి 300. మాట 20 మిల్లీసెకన్లకొకసారి క్రమబద్ధంగా వస్తుంది కనుక, ప్రతిసారీ పోటీ పెట్టకుండా దానికి నియతకాలంలో ముందుగానే వంతు కేటాయించే ఏర్పాటు కూడా ఉంది.

ఐదో తరంలో కాలఖండం 1, 0.5, 0.25, 0.125 మిల్లీసెకన్లుగా మారగలదు. అంతకన్నా చిన్న ఖండాలు కూడా సాధ్యమే. అత్యవసర ప్యాకెట్ వచ్చినప్పుడు, అప్పటికే జరుగుతున్న పెద్ద ప్రసారాన్ని మధ్యలో ఆపి, ఆ చోటును దానికివ్వవచ్చు. వంతు మధ్యలో అంతరాయం కలిగిందని మొదటి ఫోన్‌కు తరువాత తెలియజేస్తారు. 32 బైట్ల సమాచారాన్ని 1 మిల్లీసెకనులో 99.999 శాతం విశ్వసనీయతతో అందించాలన్న లక్ష్యానికి ఈ ఏర్పాటు ఒక సాధనం. ఆ లక్ష్యం కోసం కోల్పోయే ప్రసారరాశిని ఇతర వినియోగదారులు భరిస్తారు.

9. శివారు వినియోగదారు ప్రశ్న

ప్రమాణాలు గడువులను నిర్దేశించాయి, సంకేతాల రూపాన్ని నిర్దేశించాయి. కానీ ఏ షెడ్యూలింగ్ పద్ధతిని వాడాలో నిర్దేశించలేదు. ఆ నిర్ణయాన్ని పరికరాల తయారీదారులకూ, సేవాసంస్థలకూ వదిలేశాయి. స్మృతికాలం ఎంత, ఏ సేవకు ఎంత గుణకం అన్న సంఖ్యలు వినియోగదారుకు కనిపించవు. అయినా అతని అనుభవాన్ని నిర్ణయించేవి అవే.

ఒక టవర్ మొత్తం ప్రసారరాశిని మాత్రమే ప్రకటిస్తే, ఉదాహరణలోని 8 అన్న సంఖ్య 6.25 కన్నా మెరుగైనదిగా కనిపిస్తుంది. ఆ ఎనిమిదిలో ఒక వినియోగదారు పూర్తిగా మాయమయ్యాడన్న సంగతి సంఖ్య చెప్పదు. ఊరి చివర ఇంటి నుంచి 108కు ఫోన్ చేస్తున్నవారికి కావలసింది అధిక ప్రసారరాశి కాదు. తక్కువ పరిమాణంలో, గడువులోగా, తెగిపోకుండా చేరే మాట. అందువల్ల సేవానాణ్యతను కొలిచేటప్పుడు సగటు వేగంతోపాటు జాప్యాన్ని, ప్యాకెట్ల నష్టాన్ని, పరిధి అంచున ఉన్నవారికి దక్కిన కనీస ప్రసారరాశిని చూడడం అవసరం. భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ 2024 నాటి సేవానాణ్యత నిబంధనలలో జాప్యాన్ని, ప్యాకెట్ల నష్టాన్ని కొలమానాలుగా చేర్చడం ఈ దృష్ట్యా గమనార్హం.

10. ముగింపు

ఈ పరిశీలన నుంచి కింది అంశాలను గ్రహించవచ్చు.

1. మార్గం తొందరగా మారుతున్నప్పుడు, మంచి క్షణాన్ని ఎంచుకుని వంతు ఇవ్వడం ప్రసారరాశిని పెంచుతుంది, జాప్యాన్ని కూడా తగ్గిస్తుంది. మార్గం నెమ్మదిగా మారుతున్నప్పుడు అదే ఎంపిక నిరీక్షణగా పరిణమిస్తుంది.

2. సామర్థ్యపు అంచుకు చేరేకొద్దీ ప్రసారరాశిలో స్వల్ప లాభానికి జాప్యంలో అధిక మూల్యం చెల్లించవలసివస్తుంది.

3. అనుపాత న్యాయం సమాన కాలాన్నిస్తుంది, సమాన ఫలితాన్ని కాదు. అవసరాన్ని అది చూడదు.

4. వరుస పొడవును చూసే పద్ధతి అవసరాన్ని గుర్తిస్తుంది, కానీ చిన్న సందేశాలను వెనక్కు నెట్టగలదు. నిరీక్షణ వయసునూ, గడువునూ చూసే పద్ధతులు ఆ లోపాన్ని సరిదిద్దుతాయి.

5. ఏ పద్ధతిని ఎంచుకున్నా ఎవరు ఎంతసేపు ఆగాలన్న నిర్ణయం అందులో ఇమిడివుంటుంది. గణితం ఆ నిర్ణయపు మూల్యాన్ని లెక్కకట్టగలదు. దానిని ఎవరు చెల్లించాలన్నది విధానపరమైన ప్రశ్న.

‘వంతు’ అన్న మాటలోని రెండు అర్థాలను తెలుగు భాష ఏనాడూ విడదీయలేదు. వాటా సరిగ్గా ఉన్నా అది సమయానికి అందకపోతే పంట దక్కదు. నిస్తంత్రీ జాలాల పరిశోధన మూడు దశాబ్దాలుగా ఈ రెండింటినీ ఒకే సూత్రంలో ఇమడ్చడానికి చేస్తున్న ప్రయత్నంగా షెడ్యూలింగ్ అధ్యయనాన్ని పరిగణించవచ్చు.